పైకి లేచిన పోగు

చిన్నాన్న వరసతో మా వాడంతా కాక అని పిలిచే పెద్దాయన పోయాడన్న కబురు తెచ్చినవాడే నాకొక పని కూడా మోసుకొచ్చాడు. ఆదివారం పొద్దున సొసైటీ హాల్లో సంతాపసభ. ఆయన గురించి నాలుగు మంచి మాటలు నేను రాసి చదవాలి. వచ్చినవాడు మా నేతగాళ్ళ సొసైటీ గుమస్తా.

"నువ్వే రాయాలె బాయి. చేర్మన్ సాబ్ చెప్పిండు. జర మెత్తగ రాయి," అన్నాడు.

బాయి అంటే సోలాపూర్‌లో పంతులమ్మ. అది మరాఠీ. మా ఇళ్ళల్లోని తెలుగులో మాత్రం బాయి అంటే నీళ్ళ బావి. మా జోడ్‌భావి పేటకు ఆ పేరు రెండు బావుల వల్ల వచ్చిందంటారు. నేను మునిసిపాలిటీ బడిలో టీచరుగా చేరిన రోజునుంచి మూడోది నేనే. ఎవరైనా వచ్చి చేద వేసి నాలుగు మాటలు తోడుకుపోవచ్చు.

అసలు మంచి మాటలు రాసే పని కాకదే. ఆయన ఉన్నంతకాలం మా వాడలో ఇంకెవరూ ఆ పనికి పూనుకోలేదు. తన సంతాపాన్ని కూడా తనే రాసిపెట్టి పోయి ఉంటే మాకీ ఇబ్బంది ఉండేది కాదు. అంత బాగా ఇంకెవరూ రాయలేరు.

కాక ఎలా ఉండేవాడో చెప్పాలంటే ముందు ఆయన కుడి అరచెయ్యి సంగతి చెప్పాలి. అది ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని నిమురుతూ ఉండేది. మిల్లు నడిచిన రోజుల్లో ఆయనది ఫోల్డింగ్ ఖాతా. మగ్గం దిగిన బట్టను మడతపెట్టే ముందు తప్పులు చూసే పని. బల్ల మీద బట్ట జారుతుంటే కళ్ళు సగం మూసుకుని దాని మీద అరచెయ్యి ఆనించేవాడట. ముడి గానీ, పైకి లేచిన పోగు గానీ తగిలిందంటే మెడలో నూలుదారానికి వేలాడే చిన్న కత్తెర మిగతా పని చూసుకునేది. మిల్లు మూతపడ్డాక చేతికి పని పోయింది, అలవాటు పోలేదు. మా ఇంటికొస్తే చాప నిమిరేవాడు, గోడ నిమిరేవాడు, ఎదురొచ్చిన పిల్లల తలల సంగతి సరేసరి. కొంతం చౌక్‌లో చాయ్ తాగుతూ బల్ల చెక్క నిమిరి, "పేడు లేసింది చూడు భావూ, ఎవలకన్న గుచ్చుకుంటది," అని హోటలువాడికి చెప్పేవాడు. వాడు పట్టించుకోకపోతే కత్తెర తీసి తనే గీకేవాడు.

పొద్దున పూట ఒక పవర్‌లూమ్ షెడ్డులో చద్దర్లు మడతపెట్టేవాడు. మధ్యాహ్నం తర్వాత మనుషుల్ని మడతపెట్టేవాడు. అంటే సిఫారసు ఉత్తరాలు రాసేవాడని. నౌకరీకో, హాస్టల్లో జాగాకో ఎవరైనా పెద్దమనిషి ఉత్తరం కావలసినవాళ్ళు కాక గడపెక్కేవాళ్ళు. ఉత్తరం కాక రాసేవాడు, పెద్దమనిషి కింద దస్కత్ పెట్టేవాడు. ఆ దస్కత్ తెచ్చిపెట్టేది కూడా కాకే. చొక్కా జేబులో మడతపెట్టిన తెల్లటోపీ ఒకటి ఉండేది. పెద్దమనిషి గుమ్మం ముందు చెప్పులు విడిచి, ఆ టోపీ తీసి పెట్టుకునేవాడు. రబ్బరు ముద్ర ఉన్న ఏ గది ముందైనా ఇదే వరస, చివరికి పశువుల డాక్టరు గది ముందైనా సరే. పని కాగానే టోపీ మళ్ళీ జేబులోకి. టోపీ పెట్టుకోవడమే గానీ కాక ఎవరికీ టోపీ పెట్టలేదని వాడంతా ఒప్పుకునేది. నేనూ చాలాకాలం ఒప్పుకున్నాను.

మా పక్కింటాయనకు ఒక బ్యాంకులో రాత్రి కావలి పనికి ఉత్తరం కావలసి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆయన అంతకుముందు ఏడాది నూలు గోదాములో దొంగను పట్టి, మగ్గం నాడెతో బాది పోలీసులకు అప్పజెప్పినవాడు. ఆయన భార్య కాక ఎదుట కూర్చుని, "అన్నా, ఆ దొంగను కొట్టిన ముచ్చట రాయి. కావలి పనికి అదే గద కావాలె," అంది.

"కొట్టిండని రాస్తె కొట్టెటోడనుకుంటరమ్మా," అన్నాడు కాక.

"దొంగను కొట్టిండు గద?"

"ఇయ్యాల దొంగను కొట్టినోడు రేపు సాబ్‌ను కొట్టడని ఏం నమ్మకం?"

కాగితం నిమిరి, రాసి, రాసినదాని మీద కూడా చెయ్యి తిప్పుతూ చదివి వినిపించాడు. "ఇతడు రాత్రిపూట నిశ్శబ్దముగా ఉండును." ఆవిడ నోరు తెరిచి చూసింది. ఆయనకు ఆ పని వచ్చింది. ఇప్పటికీ రాత్రిపూట నిశ్శబ్దంగానే ఉంటున్నాడు, నిద్రలో.

"చెయ్యి తగిలితె తెల్వద్దు బిడ్డ. మాట గట్లుండాలె," అన్నాడు కాక నాతో. ఆయన ఉత్తరాల రహస్యం అంతే. మనిషిలో పైకి లేచినది ఏదున్నా కత్తిరించేవాడు. నేతపని తెలిసిన మా వాళ్ళకు అందులో తప్పేమీ కనిపించేది కాదు. నునుపే కదా నాణ్యం.

ఇక నా సంగతి. కాలేజీలో నేను ఎన్సీసీలో ఉండేదాన్ని. పరేడ్‌లో నాకంటే నా యూనిఫారమే బాగా సావధాన్‌లో నిలబడేది, మా అమ్మ పెట్టే గంజి అలాంటిది. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టి పొద్దున్నే కార్ఖానాలో అప్పజెప్పేది. అక్కడ చెకర్ ప్రతి ఆడమనిషి చాటలోంచీ గుప్పెడు బీడీలు పనికిరావని తీసి పక్కన పడేసేవాడు. పనికిరానివి విరిచి పారేయాలి కదా. అవి విరగకుండా, కూలి లెక్కలోకి రాకుండా, వెనకవైపు నుంచి మంచి బీడీల్లోనే కలిసేవి. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

ఒకరోజు అమ్మతో వెళ్ళి నేను అడిగాను. చెకర్ నవ్వాడు. ఎన్సీసీలో నేర్పిందే కదా అని ఆడవాళ్ళందరినీ వరసగా, చాటలు ఒళ్ళో పెట్టించి, కార్ఖానా తలుపుకు అడ్డంగా కూర్చోబెట్టాను. ఎవరూ అరవకూడదు, ఎవరూ లేవకూడదు, బీడీలు అప్పజెప్పకూడదు. ఎండ నడినెత్తికొచ్చేసరికి మేనేజర్ బయటికొచ్చి, తీసేసిన బీడీల్ని ఇకమీదట చుట్టినవాళ్ళ కళ్ళముందే విరుస్తామని మాటిచ్చాడు. ఇచ్చినమాట ప్రకారం విరిచారు కూడా.

"ఇంట్ల చాట ఎత్తి పక్కకు పెట్టదు గని, ఆడికొచ్చి అందర్ని కూసోవెట్టింది," అని అమ్మ నాలుగిళ్ళల్లో తిట్టింది. ఆ తిట్టు ఐదో ఇంటికి కూడా వినిపించాలని ఆవిడ కోరిక.

అప్పట్లోనే ఆడపిల్లల్ని కూడా సైన్యంలో అధికారులుగా తీసుకుంటారని పేపర్లో పడింది. పుణెలో రిటైరైన అధికారులు కొందరు కలిసి నడిపే ఒక ట్రస్టు, ఆ ఎంపికకు తయారయ్యే పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తుందని మా ఎన్సీసీ మేడమ్ చెప్పింది. ఏడాదిపాటు అక్కడే ఉండి చదువుకోవచ్చు. అది వస్తే నాకు సైన్యం ఉంది, రాకపోతే లేదు. ఆ పరీక్షకు కావలసిన ఇంగ్లీషు సోలాపూర్‌లో నాకు నేర్పేవాళ్ళు లేరు. నా దగ్గరున్న ఇంగ్లీషు కొంతం చౌక్ దాటేలోపే అయిపోయేది.

దరఖాస్తుతోపాటు మూడు సిఫారసు ఉత్తరాలు పెట్టాలి, మూతవేసిన కవర్లలో. అభ్యర్థి తనంతట తాను పూనుకుని పదిమందిని నడిపించిన సందర్భమేదైనా ఉంటే, దాన్ని ఎరిగినవాళ్ళు రాయాలి. ఆ వాక్యం చూసి నేను ఎగిరినంత పనిచేశాను. నేరుగా కాకను మా ఇంటికి పిలుచుకొచ్చి, తెలుగులో విడమరిచి చెప్పాను.

"బీడీల కార్ఖాన ముచ్చట రాయాలె కాక. వాళ్ళు అడిగేది అదే."

"మల్లొక్కసారి చెప్పు," అన్నాడు. చెప్పాను. చాప నిమురుతూ చిన్నగా నవ్వాడు.

"ఇది ఉత్తగ అడుగుతరు బిడ్డ. పెద్దోళ్ళంత గిట్లనే అడుగుతరు. మా మిల్లుల కొత్త మేనేజర్ వచ్చి, అందర్ని నిలవెట్టి, తకలీఫ్ ఏమన్న ఉంటె ఖుల్లా చెప్పుండ్రి అన్నడు. ఎవ్వడు మాట్లాడలె. ఒక పాగల్‌గాడు ముంగటికొచ్చి, సాబ్, ఫోల్డింగ్ ఖాతల తాగనీకి నీళ్ళు లెవ్వు, గేటు దాక పోవాల్సొస్తుంది అన్నడు. మేనేజర్ శాబాస్ అన్నడు. పేరు రాస్కున్నడు."

"అయితే?"

"నీళ్ళొచ్చినయ్. పాగల్‌గాడు పోయిండు."

"ఎవరు కాక వాడు?"

"ఎవడో."

అమ్మ తునికాకు కత్తిరిస్తూ, ఆకుతో చెప్పినట్టు, "ఎవడోనంట," అంది.

ఆ పాగల్‌గాడు ఈయనేనని సాయంత్రం అమ్మ చెప్పింది. చాలాకాలం పని లేకుండా తిరిగాడట. చివరికి ఒక పెద్దమనిషి ఉత్తరం చూపిస్తే మిల్లువాళ్ళు మళ్ళీ తీసుకున్నారట. ఆ ఉత్తరంలో ఆయన ఎవరివైపూ కన్నెత్తి చూడని మనిషి. కాక రాసిన మొదటి సిఫారసు అదే, తన గురించి తనే.

ఆ మధ్యాహ్నం మాత్రం నేను పట్టు వదల్లేదు. "నాది వేరే కాక. ఇది మిల్లు కాదు, సైన్యం."

"సైన్యమంటె ఇంక పెద్ద మిల్లు గద బిడ్డ. ఆడ గూడ భోంగా మోగితెనే లేస్తరు, భోంగా మోగితెనే తింటరు." చాప మీంచి లేస్తూ, "రాస్త తియ్యి," అన్నాడు. ఏం రాస్తాడో అడగాలని నాకు తోచలేదు.

ఒక ఉత్తరం మా పాత బడి హెడ్మాస్టరు దస్కత్‌తో వచ్చింది. రెండోది సొసైటీ చేర్మన్‌ది. మూడో కవరు ఇస్తున్నప్పుడు కాక ముఖం వెలిగిపోతోంది. అది బీడీల కార్ఖానా మేనేజర్ దస్కత్.

"నీ మీద గుస్స ఉన్నోనితోని నీకు మంచిమాట చెప్పిచ్చిన. ఎవలతోనన్న అయితదా?"

కాదని నేనూ అనుకున్నాను. తన తలుపుకు అడ్డం కూర్చున్నదాని గురించి ఆ మేనేజరే చెబితే అంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? మూడు కవర్లకూ బంక రాసి, అతుకు మీద అరచెయ్యి ఒత్తి ఇచ్చాడు.

పుణెలో బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న తెల్లమీసాల కర్నల్ నా ఎదుటే కవర్లు విప్పి పైకి చదివాడు. కాక ఇంగ్లీషు మిల్లు ఇంగ్లీషు, దుమ్ము దులిపి మడతపెట్టింది. ఈమె పెద్దల ముందు తలెత్తదు. అడిగితే తప్ప పలకదు. చెప్పిన పని చేస్తుంది, చెప్పని పని చెయ్యదు. ముగ్గురు పెద్దమనుషులూ ఒకే మాట మీద ఉన్నారు.

"మీ అంతట మీరు ఎప్పుడైనా ఏదైనా చేశారా?" అని కర్నల్ అడిగాడు. వెటకారంగా కాదు, నా మీద జాలితోనే అడిగాడు.

బీడీల కార్ఖానా సంగతి చెప్పాను. అంత ఇంగ్లీషు నాలో ఉందని నాకే తెలియదు. చాటలు, వరసలు, ఎండ, విరిగిన బీడీలు, అన్నీ చెప్పాను. ఆయన పక్కనున్నావిడ ముందుకు వంగింది. కర్నల్ మీసాల కింద నవ్వు కూడా కనిపించింది. ఏ కార్ఖానా అన్నాడు. పేరు చెప్పాను. ఆయన మూడో ఉత్తరం మళ్ళీ తీశాడు.

"ఆ కార్ఖానా మేనేజరే ఇక్కడ రాశాడు. మీవల్ల గానీ, మీ తల్లివల్ల గానీ, ఇంకెవరివల్ల గానీ తమ దగ్గర ఎన్నడూ ఏ గొడవా జరగలేదని. నేను దేన్ని నమ్మాలి?"

ఉత్తరం అబద్ధమంటే ముగ్గురు పెద్దమనుషులూ కాకా అబద్ధాలకోర్లు. నిజమంటే నేను. తలదించుకున్నాను. పెద్దల ముందు తలెత్తదని కాక రాశాడు కదా, సరిగ్గా ఆ ఒక్క నిమిషం ఆయన రాసింది నిజమైంది.

"భయం ఉంటే మేము పోగొట్టగలం," అన్నాడు కర్నల్ కాగితాలు సర్దుతూ. "లేనిది కల్పించి చెప్పే అలవాటుకు మా దగ్గర మందు లేదు."

బస్సు దిగేసరికి స్టాండులో కాక ఉన్నాడు. నన్ను చూసి జేబులోంచి టోపీ తీసి పెట్టుకున్నాడు. నా కోసం ఆయన టోపీ పెట్టుకోవడం అదే మొదలు.

"ఏమాయె బిడ్డ?"

"కథలు చెప్తున్ననన్నరు." జరిగింది చెప్పాను.

"ఆ ముచ్చట నువ్వే చెప్పినవా? నీ నోటితోని?"

"అడిగిండ్రు, చెప్పిన."

"గంత కష్టపడి తీసేస్తి గద బిడ్డ," అన్నాడు. గొంతులో కోపం లేదు, నమ్మలేకపోవడం ఉంది. "ఆ మేనేజర్ ముంగట ఎంతసేపు నిలవడ్డ. ఆ పిల్ల అమ్మకు అన్నం తెచ్చింది సాబ్, అంతే. అసల్ గొడవే కాలె, ఆడోళ్ళు నీడకు కూసున్నరు అని చెప్పిన. అట్లయితెనే దస్కత్ వెట్టిండు."

"అదే గద కాక రాయమన్నది."

"పేరు రాస్కుంటరు బిడ్డ," అన్నాడు. టోపీ తీసి, నాలుగు మడతలు పెట్టి, జేబులో వేసుకున్నాడు. చాయ్ తాగుదాం పద అన్నాడు. నేను వెళ్ళలేదు.

అమ్మకు మాత్రం ఎత్తు చాలలేదని చెప్పాను. నన్ను చూసినవాళ్ళెవరైనా నమ్మే కారణమే అది.

కొన్నాళ్ళకు కార్ఖానాలో బీడీలు విరవడం మానేశారు. అమ్మా, తక్కిన ఆడవాళ్ళూ మేనేజర్ని నిలదీస్తే, "ఎక్కడి మాట? ఇక్కడ గొడవే కాలేదని మీ పెద్దమనిషే చెప్పిపోయిండు," అన్నాడట. జరగని గొడవకు ఒప్పందం ఎక్కడినుంచి వస్తుంది? వాళ్ళంతా కాక ఇంటికి వెళ్ళారు. ఆయన గడప మీద కూర్చుని, చెక్క నిమురుతూ, "సర్దుకోండ్రి అమ్మా, జర సర్దుకోండ్రి," అన్నాడు. సర్దుకున్నారు. చెకర్ గుప్పెడు కాస్త పెద్దదైందని మా అమ్మ అనేది.

ఆ తర్వాత నేను టీచరు పనికి దరఖాస్తు పెట్టాను. కాకను నేను అడగలేదు. ఆయనే వచ్చి, అమ్మ చేతికి ఒక కవరు ఇచ్చి వెళ్ళాడు. ఈసారి విప్పి చదివాను. పెద్దల ముందు తలెత్తదు, అడిగితే తప్ప పలకదు, చెప్పిన పని చేస్తుంది. అక్షరం తేడా లేదు. అదే పెట్టాను. నౌకరీ వెంటనే వచ్చింది. ఆ ఉత్తరంలోని అమ్మాయిగా మారడానికి నాకు కూడా ఎక్కువకాలం పట్టలేదు. పిల్లలకు సావధాన్, విశ్రామ్ రెండూ చెబుతాను. నేను మాత్రం రెండోదాంట్లోనే ఉండిపోయాను.

వీధిలో ఎదురైతే కాక నా తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. నేను ఆగేదాన్ని కాదు. ఇద్దరికీ అది అలవాటైంది.

సంతాపం రాయడానికి కూర్చున్నప్పుడు, ఆయన గురించి ఆయన వాడే మాటలన్నీ వరసగా వచ్చేశాయి. ఎవరినీ నొప్పించలేదు, ఎవరితోనూ గొడవ పడలేదు. రాస్తూ రాస్తూ ఉండగా ఆ నీళ్ళ సంగతి గుర్తొచ్చింది. అది కూడా రాశాను. ఒకరోజు మిల్లులో అందరూ నోళ్ళు మూసుకుని నిలబడి ఉండగా ఆయనొక్కడే ముందుకొచ్చి నీళ్ళు అడిగాడని, అందరికీ నీళ్ళు తెచ్చిపెట్టి తను పని పోగొట్టుకున్నాడని రాశాను. మొత్తంలో నాకు ఇష్టంగా రాసింది ఆ ఒక్కటే.

ఆదివారం సభకు ముందు చేర్మన్ దాన్ని తీసుకుని కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. "చాంగ్లా! మంచిగ రాసినవ్ బాయి. గని ఈ నీళ్ళ ముచ్చట వద్దు. ఆ మిల్లోళ్ళ చుట్టాలు గూడ వస్తున్నరు. గుచ్చుకుంటది."

నేనేమన్నానని అడక్కండి. అడిగితే తప్ప పలకనిదాన్ని. పెన్ను తీసి ఆ నాలుగు వాక్యాలూ కొట్టేసి, ముందూ వెనకా అతుకు కనపడకుండా ఒక మాట చేర్చాను. అప్పుడు నా అరచెయ్యి కాగితాన్ని నిమురుతోందని కాసేపటికి గానీ గమనించలేదు. చదివాను. అందరూ తలలూపారు. చాలా బాగా మడత పడిందది.

తిరిగి ఇంటికి నడుస్తుంటే సందులో రెండువైపులా మగ్గాలు చప్పుడు చేస్తున్నాయి. అమ్మ నా చెవి దగ్గరికొచ్చి మాట్లాడాల్సి వచ్చింది.

"మంచిగ చదివినవ్. గని నీళ్ళ ముచ్చట ఏది?"

"తీసేసిన."

"మల్ల అండ్ల మీ కాక ఏడున్నడే? అది ఎవలు సచ్చినా చదువొచ్చు."

ఇంకో రెండు షెడ్లు దాటాక అమ్మ మళ్ళీ చెవి దగ్గరికొచ్చింది.

"పుణెల గూడ నీ గురించి గిట్లనే చదివిండ్రా?"

"ఆఁ."

అమ్మ ఆగిపోయింది. కొంగుకు అంటుకున్న తునికాకు ముక్కను గిల్లి పారేసి, నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"మరి ఎత్తు చాలలేదని ఎందుకు చెప్పినవే," అంది. "నిన్ను వాళ్ళు చూడనే లేదు గద."